కాకెంగిలి బిళ్ళ

పదిహేడో నంబరు నాలుక నా ప్రాణం తోడేసింది.

మా ప్రయోగంలో నలభై మంది ఉన్నారు. అందరూ షుగరు ఉన్నవాళ్లే, అందరూ మండపేట చుట్టుపక్కల వాళ్లే. పదిహేను రోజులకోసారి వాళ్ల నాలుకల్ని దూదిపుల్లతో తుడిచి, ఆ పుల్లల్ని కాకినాడలో మా ల్యాబ్‌కి పంపుతారు. వాటి మీద పేర్లుండవు, నంబర్లే. నేను వాటిని గాజుపళ్లేల మీద రుద్ది, మర్నాటికి మొలిచిన చుక్కల్ని లెక్కపెడతాను. ముప్పై తొమ్మిది మంది నాలుకల మీద మా సూక్ష్మజీవి ఉండాల్సినంత ఉంది. పదిహేడో నంబరు నాలుక మీద మాత్రం సగమే ఉంది. ఒకసారైతే పోనీలే అనుకుందును. వరసగా ఏడుసార్లు సగమే. ముప్పావు కాదు, పావు కాదు, తూకం వేసినట్టు సగం. నాలాంటి దానికి ఇలాంటిది ఒకటి తగిలితే అన్నం సయించదు.

ఆ సూక్ష్మజీవి సంగతి చెప్పాలి. ఆఫ్రికాలో ఒక చిన్న ఎర్ర పండు ఉంది. అది నమిలాక కాసేపటిదాకా నిమ్మకాయ కొరికినా తియ్యగానే ఉంటుంది. పండులోని ఒక పదార్థం నాలుకకు అతుక్కుని, పులుపు తగిలినప్పుడల్లా తీపి అని కబురు పంపుతుంది. ఆ పదార్థాన్ని తయారుచేసే పని మేము మనుషుల నోట్లో ఎప్పుడూ ఉండే ఒక మామూలు సూక్ష్మజీవికి నేర్పాం. ఒకసారి నాలుక మీద పూస్తే అక్కడే కాపురం పెడుతుంది. ఇక చక్కెర గింజ లేకుండా, నిమ్మరసం పిండిన టీ తియ్యగా ఉంటుంది. పెరుగు పాయసంలా ఉంటుంది. చారు పానకంలా ఉంటుంది. ల్యాబ్‌లో దీనికి బారెడు శాస్త్రీయ నామం ఉంది గానీ, మా టెక్నీషియన్ ఆదిలక్ష్మి మొదటిరోజే 'బెల్లప్పురుగు' అని పేరు పెట్టింది. మా డైరెక్టరు పరాంకుశం గారు ఎంత విసుక్కున్నా ఆ పేరే నిలిచింది.

ఊరంతా పాకిపోతే కష్టం కదా. అందుకని దానికో పగ్గం కూడా వేశాం. రోజూ పొద్దున్నే ఒక తెల్లటి బిళ్ళ చప్పరించాలి. ఆ బిళ్ళలో దానికి మేత ఉంటుంది. ఆ మేత మరెక్కడా దొరకదు. బిళ్ళ మానేస్తే మూడు రోజుల్లో చచ్చిపోతుంది. ఇంత పకడ్బందీగా చేశాక ఒకరి నోట్లోంచి ఇంకొకరి నోట్లోకి పోయి బతుకుతుందని ఎవరనుకుంటారు? అయినా జాగ్రత్త కోసం ఒప్పంద పత్రంలో ఒక వాక్యం రాశాం. 'పాల్గొనేవారు తమ ఎంగిలి ఇతరులకు పెట్టరాదు.' ఆ వాక్యం రాసింది నేనే. ఇంగ్లీషులో మూడు పంక్తుల గ్రంథం ఉంటే, ఒక్క తెలుగు మాటతో తేల్చేశానని ఆరోజు తెగ మురిసిపోయాను.

ఆ నలభై మందిలో మా బావగారు కూడా ఉన్నారు. మా సుభద్రక్క మొగుడు గవర్రాజు గారు. పెళ్లిళ్లకు వంట మేస్త్రి. ఆయన పులిహోర కలిపారంటే ఏడూళ్ల అవతలి వాళ్లు కూడా రెండోసారి వడ్డించుకునేవాళ్లు. పదకొండేళ్ల కిందట షుగరు వచ్చింది. అప్పట్నుంచి వందల పెళ్లిళ్లకు జాంగ్రీలు, లడ్డూలు చేయించారు గానీ ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు. ఆయన్ని తీసుకోవడం వద్దని నేను చెప్పాను, చుట్టరికం కాబట్టి. ఎంపిక చేసేది వేరే బృందం. ఏ నంబరు ఎవరిదో నాకు తెలియదు గనక ఫరవాలేదన్నారు.

బెల్లప్పురుగు పూసిన అయిదోరోజు బావగారు ఫోన్ చేశారు.

"ఏమ్మా మరదలా, మీ అక్క నిమ్మకాయ టీ ఇచ్చింది. తాగేను."

"ఎలా ఉంది బావగారూ?"

లైన్ కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత అక్క గొంతు వినపడింది. "ఏడుస్తున్నారే హైమా, చంటిపిల్లాడిలాగ. నువ్వు చల్లగా ఉండాలి తల్లీ." నాకూ కళ్లనీళ్లు తిరిగాయి. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేను చేసిన పని ఒకరి నోటికి అందడం అదే మొదటిసారి.

సరే, పదిహేడో నంబరు దగ్గరికి వద్దాం. సగం ఎందుకవుతుంది? వేపపుల్లతో తోముకుంటున్నాడా? జర్దా కిళ్లీ అలవాటా? పొగలు కక్కే కాఫీ తాగుతాడా? మూడూ ల్యాబ్‌లో పరీక్షించాను. వేపరసానికి బెల్లప్పురుగు కాస్త ముడుచుకుందిగానీ సాయంత్రానికి లేచి కూర్చుంది. జర్దాను లెక్కచెయ్యలేదు. కాఫీని అసలు పట్టించుకోలేదు. పదిహేడో నంబరు రాసిచ్చిన కాగితాల్లో ఇంకో వింత ఉంది. మిగతావాళ్లకి రాత్రి భోజనందాకా తీపి తెలుస్తోంది. ఇతనికి మధ్యాహ్నం రెండింటికల్లా పోతోంది. మేత సగమే అందుతున్నట్టుంది. కానీ బిళ్ళల డబ్బా ప్రతినెలా సరిగ్గా ఖాళీ అవుతోంది. ఆదిలక్ష్మి తేల్చి చెప్పేసింది. "సగం బిళ్ళ ఎవరికో పెడుతున్నాడండీ."

"ఎవరికి పెడతాడే? పూత లేనివాళ్లకి అది సుద్దముక్క. కొంచెం తియ్యగా ఉంటుంది, అంతే."

నంబరు విప్పడానికి పరాంకుశం గారి సంతకం కావాలి. వారం వెంటపడితే విసుగెత్తి పెట్టారు. కవరు చింపి చూస్తే పి. గవర్రాజు, వంట మేస్త్రి, మండపేట అని ఉంది.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. ఏమీ అడగకూడదు, ఊరికే చూడాలి అనుకున్నాను. అడిగితే బావగారు పొల్లు పోకుండా అన్నీ సరిగ్గానే చేస్తున్నానంటారు. అది అబద్ధం కూడా కాదు, ఆయన అలాగే నమ్ముతారు.

గేటు తీసేసరికి అరుగు మీద అక్క మనవరాలు శ్రీనిక కూర్చుని ఉంది. నాలుగేళ్ల పిల్ల. దాని తల్లి కాకినాడలో బ్యాంకు ఉద్యోగానికి రోజూ వెళ్లొస్తుంది కాబట్టి పగలంతా తాత దగ్గరే. చేతిలో నిమ్మచెక్క పట్టుకుని బత్తాయి తొన చప్పరించినట్టు చప్పరిస్తోంది. కన్ను చికిలించలేదు, భుజం ఎగరేయలేదు. చుట్టూ నాలుగు ఖాళీ చెక్కలు పడున్నాయి. నన్ను చూసి నవ్వి, "తియ్యగుంది, తింటావా చిన్నమ్మమ్మా?" అని చెయ్యి చాపింది. అక్కడే మెట్టు మీద చతికిలబడ్డాను.

"ఒసేయ్, అదేం కూర్చోడమే, లోపలికి రా," అంటూ అక్క వచ్చింది. "దీన్ని చూడు, ఎలా చిక్కిపోయిందో. అన్నం ముట్టదు, పప్పు ముట్టదు. పొద్దస్తమానం నిమ్మకాయలూ చింతకాయలూ. నులిపురుగులేమోనని రెండుసార్లు మందేయించేం. చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటున్నాయని ఏడుస్తోంది."

"ఎన్నాళ్లనుంచే?"

"మూడు నెలలు దాటుంటుంది."

పిల్లను ఎత్తుకున్నాను. ఎముకలు తగిలాయి. కడుపు నిండా తీపి తింటున్నానని దాని నాలుక చెబుతోంది. ఒంటికి చేరేది మాత్రం నిమ్మరసం. ఇది పెద్దవాళ్లలోనూ మొదలవుతోందని మా కాగితాల్లో ఆనవాళ్లు కనిపిస్తూనే ఉన్నాయి, ఆకలి పెరిగిందని కొందరు రాస్తున్నారు. నాలుక మాటిస్తోంది, ఒళ్లు ఎదురుచూస్తోంది, రావాల్సింది రావట్లేదు. పెద్దవాళ్లయితే ఇంకో ముద్ద అన్నం తింటారు. ఈ పసిది ఇంకో నిమ్మకాయ తింటోంది.

అప్పుడు బావగారు పూజ ముగించుకుని, భుజాన తువ్వాలుతో బయటికొచ్చారు. నన్ను చూసి ముఖం ఇంత చేసుకున్నారు. "మరదలుగారు చెప్పాపెట్టకుండా దిగేరంటే తనిఖీయే. ఆయ్, చూసుకోండి. మీరు చెప్పినట్టే, ఏడున్నరకల్లా బిళ్ళ."

డబ్బా తీశారు. శ్రీనిక నా చంకలోంచి జారి పరిగెత్తింది. బావగారు బిళ్ళను తువ్వాలు అంచులో చుట్టి, పళ్ల మధ్య పెట్టి పటుక్కున కొరికారు. గుడ్డ విప్పి, ఒక ముక్క తన నోట్లో వేసుకున్నారు. రెండో ముక్క దాని నోట్లో పెట్టారు.

కాకెంగిలి.

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. గుడ్డ వేసి కొరికితే ఎంగిలి కాదు. ఎవరు చెప్పారంటే ఏం చెబుతాం? చిన్నప్పుడు ఇదే సుభద్రక్క తన పరికిణీ అంచులో జీళ్లు చుట్టి కొరికి నాకు సగం పెట్టేది. బడిలో సగం జామకాయలు అలాగే పంచుకున్నాం. మైక్రోబయాలజీలో డాక్టరేటు తెచ్చుకుని కూడా, ఎంగిలి పెట్టరాదు అని రాసేటప్పుడు నాకు కాకెంగిలి గుర్తు రాలేదు. ఎందుకొస్తుంది? అది ఎంగిలి కాదుగా.

"బావగారూ, ఎన్నాళ్లనుంచి ఇలా పెడుతున్నారు?"

"మొదట్నుంచీనమ్మా. ఎంగిలి పెట్టొద్దన్నారని తువ్వాలేసే కొరుకుతున్నాను. ఒక్కరోజు తప్పితే ఒట్టు."

"పసిపిల్ల కదండీ. మందు బిళ్ళ ఎలా పెట్టబుద్ధేసింది?"

ఆయన ముఖంలో నవ్వు పోయింది. అరుగు మీద కూర్చున్నారు. "పూత లేనివాళ్లకి అది సుద్దముక్కేనని మొదట్లో నువ్వే నాతో అన్నావు కదమ్మా. పదకొండేళ్లు ఈ ఇంట్లో అందరూ నాకు కనపడకుండా తీపి తిన్నారు. నేను గుమ్మంలోకొస్తే పళ్లెం మంచం కిందకి పోయేది. నా మంచికేననుకో. కానీ నేనొస్తే ఇంట్లో పండగ ఆగిపోయేదమ్మా. ఇప్పుడు నా నోటికి తీపొచ్చింది. ఇది ఎదురుగా నిలబడి నోరు తెరిస్తే, దాన్ని చూస్తూ ఒక్కణ్ణే ఎలా చప్పరించను?"

అంతా విడమరిచి చెప్పాను. గుడ్డలోంచి తడి దాటుతుందనీ, ఆ తడిలో పురుగు దాటిందనీ, సగం బిళ్ళతో దానికి మేత కూడా ఆయనే పెట్టారనీ, పిల్ల చిక్కింది అందుకేననీ. ఆయన నోట్లో ఇంకా కరగని ముక్కను చేతిలోకి ఉమ్మేశారు. శ్రీనిక బుగ్గ నొక్కి దాని ముక్క కూడా తీశారు. డబ్బా మూత పెట్టి నా ఒళ్లో పెట్టారు.

"నా చేత్తో నేనే చేశానన్నమాట," అన్నారు.

"ఆ వాక్యం రాసింది నేను బావగారూ."

ఇద్దరిలో ఎవరు ఎవర్ని ఓదార్చాలో తెలియలేదు. అక్క ఇద్దర్నీ తిట్టి టిఫిన్ పెట్టింది.

సోమవారం పరాంకుశం గారి గదిలో కూర్చున్నాం. బావగారు తనూ వస్తానని పట్టుబట్టారు. డైరెక్టరు గారికి కాకెంగిలి అంటే కొత్తేం కాదు, ఆయనది నరసాపురం. అయినా శాస్త్రం శాస్త్రమే. గుడ్డ దాటి పురుగు పోతుందని రుజువు చెయ్యమన్నారు.

ఇలాంటి ప్రయోగం మా ల్యాబ్‌లో అంతకుముందు జరగలేదు, ఇకముందు జరగబోదు. ముప్పై బిళ్ళలు, ఒక తువ్వాలు, ఒక ఖద్దరు పంచె, ఆదిలక్ష్మి చున్నీ. బావగారి నాలుక మీద పురుగు ఇంకా బతికే ఉంది కాబట్టి కొరకడం ఆయన పని. ఒక్కో గుడ్డతో పది. ఇంటి దగ్గర ఎలా కొరుకుతారో అలాగే కొరకమన్నాను. ఆయన వంటశాలలో నిలబడ్డంత శ్రద్ధగా కొరికారు. విరిగిన ముక్కల్ని ఒక్కొక్కటే గాజుపళ్లేల మీద దొర్లించాం. మర్నాటికి ముప్పైలో ఇరవై ఆరింటి మీద చుక్కలు మొలిచాయి. ఖద్దరు పంచె ఒక్కటే కాస్త మర్యాద నిలబెట్టుకుంది. మా అమ్మ, వాళ్లమ్మ, ఆవిడ అమ్మ నమ్ముతూ వచ్చింది ఆ పళ్లేల మీద తేలిపోయింది. నిజం చెప్పొద్దూ, ఆ చుక్కలు లెక్కపెడుతుంటే పిల్ల సంగతి కాసేపు మరిచి ముచ్చటపడ్డాను. ఆ వెంటనే సిగ్గేసింది.

మంగళవారం బావగారి ముందే పరాంకుశం గారు ఆ పళ్లేలన్నీ చూశారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆయన తల్లి షుగరుతోనే కాళ్లు పోగొట్టుకుంది. ఈ పని మీద తొమ్మిదేళ్లు పెట్టారు. వచ్చే నెలలో నాలుగు వందల మందితో రెండో దశ మొదలుకావాలి.

"ఒక్క ఇల్లు, హైమవతి గారూ. పదిహేడో నంబరు వ్యక్తిగత కారణాలతో తప్పుకున్నాడని రాద్దాం. పత్రంలో ఆ వాక్యం సరిదిద్దుదాం. పిల్లకి మూడు రోజుల్లో పోతుంది. పసివాళ్లకి పాకిందని రాస్తే పైవాళ్లు తక్షణం ఆపేస్తారు. ఆ ముప్పై తొమ్మిది మంది నోళ్లు మళ్లీ చప్పబడతాయి. ఇక జన్మలో అనుమతి రాదు."

నేను వెంటనే కాదనలేదు. అలా అన్నానని చెప్పుకుంటే బాగుండేది. నిమ్మకాయ టీ తాగి బావగారు ఏడ్చిన ఫోన్ నా చెవిలో ఉంది. అలాంటి ఫోన్లు ఇంకా నాలుగు వందలు వచ్చేవి.

మూలన కుర్చీలో కూర్చున్న బావగారు గొంతు సవరించుకున్నారు. "అయ్యా, చదువుకున్నవాడిని కాదు, అడగొచ్చో లేదో. ఆ ముప్పై తొమ్మిది ఇళ్లలో పిల్లల్లేరాండీ?"

"ఉంటారు. అయితే?"

"మాకంటే పట్టింపుగా కాకెంగిలి పెట్టేవాళ్లు మా పేటలోనే ఉన్నారండి."

"మిగతావాళ్ల లెక్క సగం కాలేదే?"

"నేను మేస్త్రిని కదండీ, ఎప్పుడైనా సమంగానే పంచుతాను. అందరూ అలా కొరకరు. మూల కాస్త కొరికి పెడతారు." నేను పరాంకుశం గారి వైపు చూశాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేశారు.

ఆ వారమంతా ఒక సంచీడు నిమ్మకాయలు వేసుకుని నేనూ ఆదిలక్ష్మీ ఇల్లిల్లూ తిరిగాం. పిల్లలున్న ఇళ్లు ఇరవై రెండు. ఇంతకంటే సులువైన పరీక్ష లోకంలో లేదు. పిల్ల చేతికి నిమ్మచెక్క ఇవ్వడం, ముఖం చూడడం. పదిహేను ఇళ్లలో ముఖాలు వంకర్లు తిరిగాయి, ఆ వంకర్లు చూసి ప్రాణం లేచొచ్చింది. ఏడు ఇళ్లలో పిల్లలు చెక్క చప్పరించి ఇంకోటి అడిగారు. తాపేశ్వరంలో సూరమ్మ గారనే ఆవిడ కొంగు చూపించి మరీ చెప్పింది. "ఎంగిలెందుకు పెడతానమ్మా? కొంగేసే కొరికాను."

శనివారం ఉన్నదున్నట్టు నివేదిక రాశాను. పరాంకుశం గారు చదివి, ఒక్క మాట మార్చకుండా సంతకం చేశారు. పది రోజుల్లో ప్రయోగం ఆపమని ఉత్తర్వు వచ్చింది. మిగతా ముప్పై తొమ్మిది మందీ డబ్బాలు తిరిగిచ్చేశారు. సూరమ్మ గారు డబ్బా ఇచ్చి, మళ్లీ మూత తీసి, "ఒక్కటి ఉంచుకోనా? ఆఖర్ది" అని అడిగింది. ఇవ్వకూడదు, ఇవ్వలేదు. తలుపు వేసుకుంటూ, "ఐదు నెలలైనా తిన్నాను, అదే చాలు" అంది. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ సరిగా నిద్ర పట్టదు. మా ల్యాబ్‌లో బెల్లప్పురుగు ఇప్పుడు గాజునాళికలో గడ్డకట్టి ఉంది. మళ్లీ బయటికి వస్తుందో లేదో తెలియదు. వస్తే పత్రంలో ఏ వాక్యం ఉండాలో మాత్రం నాకు తెలుసు.

ఉత్తర్వు సంగతి అలా ఉంచితే, బావగారింట్లో బిళ్ళ మానేసింది ఆ మొదటి ఆదివారమే. ల్యాబ్‌లో కొరికినవి ఆయన మింగలేదు, అన్నీ పళ్లేల మీదకే పోయాయి. నాలుగోరోజు, గురువారం సాయంత్రం, మండపేటలో కాలవ తూము దగ్గర రెండిళ్లు చూసుకుని అటు వెళ్లాను. వంటింట్లోంచి చారు పోపు వాసన వస్తోంది. బావగారు గరిటెతో అరచేతిలో చుక్క వేసుకుని నాకి, కళ్లు మూసుకుని నిలబడ్డారు.

"ఏంటి బావగారూ?"

"చింతపండు ఎక్కువైంది," అన్నారు. "మొన్న ద్వారపూడి పెళ్లిలో విస్తళ్లలో పులిహోర ఎందుకు వదిలేశారో ఇప్పుడర్థమయింది. నాలుగు నెలలు ఇదే పులుసు పెట్టి జనాన్ని చంపేనమ్మా." ఆయన మాట్లాడే తీరు మామూలుగానే ఉంది. కానీ పొయ్యి పక్కన నిమ్మకాయ టీ గ్లాసు ఉంది. ఒక్క గుక్క తాగి వదిలేసినట్టుంది, చల్లారిపోయింది.

అరుగు మీద నుంచి కేక వినపడింది. ఇద్దరం పరిగెత్తాం. శ్రీనిక నిమ్మచెక్కను దూరంగా విసిరేసి, నాలుక బయట పెట్టి, రెండు చేతులతో తుడుచుకుంటోంది. కళ్ల నిండా నీళ్లు. ఎవరో మోసం చేసినట్టు తాత వైపు చూసింది.

"తాతా, నిమ్మకాయ పాడైపోయింది."

బావగారు ఆ చెక్క తీసుకుని కడిగారు. అలవాటుగా చెయ్యి తువ్వాలు అంచు మీదకి వెళ్లింది. నా వంక చూసి ఆగారు. లోపలికి వెళ్లి కత్తి తెచ్చి, చెక్కను రెండు ముక్కలు కోశారు. ఒకటి తను కొరికారు. కళ్లు మూసుకుపోయాయి, పెదవులు లోపలికి పోయాయి, ఒక భుజం చెవిదాకా లేచింది. శ్రీనిక ఏడుపు ఆపి ఆ ముఖాన్నే చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది.

"పాడవలేదే తల్లీ," అన్నారు బావగారు, కళ్లు తుడుచుకుంటూ. "బాగైంది."

రెండో ముక్క మీద ఉప్పు చల్లి దాని చేతికిచ్చారు.